అయిదు వాట్ల సప్పుడు

కొత్త ఆంప్లిఫయర్ కొనాలన్న ఆలోచన నాకు మా ఇంటి మెట్ల మీద వచ్చింది.

హన్మకొండల మేం కిరాయికుండేది రెండో అంతస్తుల. నా పాత గిటార్ ఆంప్ అరవై వాట్లది. బియ్యం బస్తా ఎత్తినట్టే ఉంటది. ప్రతి ఆదివారం దాన్ని ఛాతికి ఆనించుకొని కిందికి దించుడు, ప్రోగ్రాం అయినంక మళ్ళ మీదికి ఎక్కిచ్చుడు. నలభై రెండేండ్లు వచ్చినయి నాకు. ఆ రోజు మెట్ల మలుపు కాడ నడుము పట్టేసింది. ఆంప్‌ను మెట్టు మీద పెట్టి, దాని పక్కకే కూలవడ్డ. కిందింటి ఓనరమ్మ తలుపు తీసి చూసింది.

"ఏమైంది బిడ్డా, దవాఖానకు పోతవా?"

"ఏం లేదమ్మా. జరసేపు కూసొని లేస్త."

"గంత పెద్ద డబ్బ ఎందుకు నీకు? చిన్నది దొరకదా?"

దొరుకుతదన్న. ఆమెకు నా నడుము మీద ఎంత జాలో, తన నెత్తి మీద మోగే సప్పుడు తగ్గాలని కూడ అంతే ఆశ ఉండొచ్చు. తప్పు పట్టేటిది ఏం లేదు.

పగటిపూట నేను స్టీలు సామాన్లు అమ్ముత. వరంగల్ బజార్ల మా నాయిన పెట్టిన దుకాణం. ఇప్పుడు మా అన్న, నేను కూసుంటున్నం. గిటార్ నాకు డిగ్రీ చదివేటప్పుడు అంటుకున్నది. ఇరవై ఏండ్లు ఆర్కెస్ట్రాలల్ల వాయించిన. పెండ్లి రిసెప్షన్లు, గణపతి మండపాలు, ఎనుమాముల దిక్కు ఫంక్షన్ హాళ్ళు, మరిపెడ దాక పోయి వాయించిన రోజులున్నయి. స్టేజీ మీద నా జాగ ఎప్పుడూ కుడి మూలకే. నా భుజం పక్కన మనిషెత్తు స్పీకర్లు ఉండేటివి. ఇంటికి వచ్చినంక చెవులల్ల గుయ్యిమని మోగేది, తెల్లారేవరకు పోయేది. పోయిందనుకునేటోణ్ణి.

తర్వాత డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలను తినేసినయి. మిగిలిన ముగ్గురం కలిసి చిన్న బ్యాండు పెట్టుకున్నం. డ్రమ్స్ వాయించేటోడు నా కంటె నాలుగేండ్లు చిన్నోడు, నన్ను అన్నా అంటడు. వానికి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణమున్నది. పాడేది ఒక ప్రైవేటు స్కూల్ల మ్యూజిక్ చెప్పే అమ్మాయి, నాకు చెల్లె లెక్క. ఆదివారం సాయంత్రాలు ఒక చిన్న కాఫీ హోటల్ల రెండు గంటలు పాత పాటలు వాయించేది. పదిహేను టేబుళ్ళు. మమ్ముల వినడానికి వచ్చేటోళ్ళు ఒక పదిమంది ఉండేది. నా వారమంత ఆ రెండు గంటల కోసమే గడిచేది.

ఇంట్ల వాయించుకోవాలంటే అరవై వాట్లతోని నరకం. వాల్యూమ్ నాబ్ సున్నాకు, ఒకటికి నడుమ వెంట్రుకవాసి తిప్పాలె. జర తక్కువైతే ప్రాణం లేని సప్పుడు, జర ఎక్కువైతే కిందినుంచి ఓనరమ్మ కర్రతోని పైకప్పుకు కొట్టేది. నా భార్య ఒక ల్యాబుల పని చేస్తది. పొద్దుగాల అయిదింటికి లేచి డ్యూటీకి పోయి, మధ్యాహ్నం వచ్చి ఒక కునుకు తీస్తది. నేను దుకాణం నుంచి అన్నానికి వచ్చి, ఆ అరగంటలనే గిటార్ ముట్టుకోవాలె.

రెండు నెలలు చిన్న ఆంప్ వెతుకుడు మీదనే పడ్డ. దుకాణంల గిరాకి లేనప్పుడల్ల ఫోన్ల వీడియోలు చూసేది. వాట్లు తగ్గితే సప్పుడు అంతే తగ్గుతదని అనుకున్న గని, అట్ల కాదట. అరవై కాడికెల్లి అయిదుకు దిగితే, చెవికి సగం తగ్గినట్టు అనిపిస్తది అంతే. అంటే అయిదు వాట్లు కూడ తక్కువేం కాదు. మెల్లగ వాయించే డ్రమ్స్ పక్కన నిలబడుతది. వాల్వు ఆంప్ అయితే, అంటే పాత రేడియోలల్ల వేడెక్కి ఎర్రగ వెలిగే గాజు బుడ్లు ఉండేటిదైతే, తక్కువ సప్పుడుకే గొంతు విప్పుతది. స్పీకర్ మరీ చిన్నగుంటే డబ్బల మాట్లాడినట్టు ఉంటది. ఇవన్ని నోటికి వచ్చినయి నాకు. మా అన్నకు చెప్పబోతే, "ముందుగాల గా కుక్కర్ల లోడు దించియ్యిరా" అన్నడు.

ఒక బుధవారం పొద్దున కాజీపేటల రైలెక్కి నేను, డ్రమ్స్ తమ్ముడు హైదరాబాద్ పోయినం. అక్కడ గిటార్లమ్మే దుకాణంల మూడు ఆంప్‌లు వరుసగ పెట్టిచ్చిన. మొదటిది బ్యాటరీతోని నడిచే చిన్నది, ఇంటికి బాగనే ఉంటది గని బ్యాండుల వినవడది. మూడోది పదిహేను వాట్ల వాల్వు ఆంప్, వెనుక ఒక మీట నొక్కితే ఒక్క వాట్ కాడికి దిగుతది. మంచిదే, మళ్ళ బరువే. నడిమిది అయిదు వాట్లది. ఒక్క చేత్తో లేపిన. అక్కడనే నా మనసు పడ్డది.

ముందుకు వంగి స్పీకర్ కాడ చెవి పెట్టి, "ఇదేందన్నా, సన్నగ ఈల వస్తాంది. అన్నిటికి ఇట్లనే ఉంటదా?" అన్న.

అమ్మే ఆయన నన్ను చూసి నవ్విండు. "సార్, ఇంకా ఆన్ చెయ్యలే."

నేను కూడ నవ్విన. బయట రోడ్డు సప్పుడు అనుకున్న. తమ్ముడు మాత్రం నవ్వలే.

ఆన్ చేసినంక వాయించిన. అంతా మందంగ, మబ్బుపట్టినట్టు వినవడ్డది. సన్న సప్పుళ్ళను పెంచే ట్రెబుల్ నాబ్ తిప్పుకుంట పోయిన. సగం, ముప్పావు, ఆఖరుదాక. అప్పుడు తీగెల మీది మెరుపు కొద్దిగ తెలిసింది. "ఇగో, ఇట్లుండాలె" అన్న. అమ్మే ఆయన ఏదో చెప్పబోయి ఆగిండు. తమ్ముడు, "అన్నా, నేను చాయ్ తాగొస్త" అని బయటికి పోయిండు. విసుగు వచ్చిందనుకున్న. వాడు వచ్చేసరికి ఆంప్ ప్యాక్ చేపిచ్చిన. రైల్ల కిటికీ పక్కన దాన్ని ఒళ్ళె పెట్టుకొని కూసున్న. వాడు కాజీపేట వచ్చేదాక సరిగ మాట్లాడలే.

మొదటి రోజు మధ్యాహ్నం నా భార్య అన్నం గిన్నె తెచ్చి పెట్టి, చెవులు మూసుకున్నది.

"ఏమండి, జర తగ్గియ్యున్రి."

"ఇంతకంటె తగ్గిస్తే ఇగ వాయించుడెందుకు? కింద ఆమెనే ఏమంటలేదు."

"ఎక్కువ సప్పుడని కాదు. సూదులతోని గుచ్చినట్టుంది."

నాకు కోపమొచ్చింది. రెండు నెలలు చదివి, వెతికి తెచ్చిన దాన్ని ఒక్క మాటతోని తీసిపారేసిందని. "నీకు మ్యూజిక్ ఏం తెలుస్తది" అన్న. ఆమె లోపలికి పోయింది. ఆ మాట నేను వెనక్కి తీసుకున్ననా అని ఇప్పుడు ఆలోచిస్తె, తీసుకున్నట్టు గుర్తులేదు.

తమ్ముని దుకాణం మీద ఒక గోదామున్నది. ఫ్యాన్ల డబ్బలు, వైర్ల చుట్టల నడుమ మా ప్రాక్టీసు. ఆ వారం పాడే చెల్లె మొదటి పాట సగంల ఆపి, పర్సు నుంచి దూది తీసి చెవులల్ల పెట్టుకున్నది. "జలుబు చేసిందన్నా, గాలి కొడ్తాంది" అన్నది. నేను నమ్మిన. గని ఆంప్‌ల ఏదో తేడా ఉన్నదని అనుమానం పట్టుకున్నది. వైరు మార్చిన, తీగెలు మార్చిన. పాత రేడియోలు బాగుచేసే ఒక ముసలాయన కాడికి తీసుకపోయిన. ఆయన విప్పి, వాల్వులు మీటర్‌తోని చూసి, గిటార్ పెట్టి నన్ను వాయించమన్నడు. నేను వాయించంగనే చెయ్యి చాపి ట్రెబుల్ నాబ్ మొత్తం వెనుకకు తిప్పిండు.

"ఇగ మంచిగున్నది గద బాబూ. దీన్ల ఖరాబేం లేదు."

నాకు దుప్పటి కప్పుకొని విన్నట్టే ఉన్నది. ముసలాయనకు వయసు మీదవడ్డది, చెవులు పని చేస్తలేవు అనుకొని బయటికి వచ్చిన.

ఆదివారం వచ్చింది. పాత ఆంప్ ఉన్నప్పుడు దాని వెనుకనుంచి ఒక వైరు, అన్ని సప్పుళ్ళను ఎక్కువ తక్కువ చేసి కలిపే మిక్సర్‌కు పోయేది, మిక్సర్ నుంచి హోటల్ స్పీకర్లకు పోయేది. మిక్సర్ తమ్ముని పక్కన ఉండేది, వాడే చూసుకునేది. కొత్త దానికి వైరు పెట్టే జాగ లేదు. తమ్ముడు మైకు పెడుతనన్నడు. "మైకెందుకురా, పదిహేను టేబుళ్ళకు ఇదే సరిపోతది. కొన్నదే అందుకు" అన్న. పాతదాన్ని ఎప్పుడూ గోడ దిక్కు తిప్పి పెట్టమనేటోడు వాడు, గోడకున్న పరదాకు తగిలి వస్తే సప్పుడు బాగుంటదని. ఈసారి నేను వినలే. కొత్తది గద, జనం దిక్కే తిప్పి పెట్టిన.

రెండో పాటకు, ముందు వరుస టేబుల్ కాడ ఒక పసిపిల్ల ఏడ్చింది. తల్లి ఎత్తుకొని బయటికి పోయింది. మూడో పాటకు ఇంకో టేబుల్ లేచింది. ఎప్పుడూ వచ్చే ఒక రిటైర్డు సారు ఉండె, మూల టేబుల్ కాడ కండ్లు మూసుకొని వినేటోడు. ఆయన రెండు చేతులతోని చెవులు మూసుకొని, నేను చూస్తున్ననని తెలిసి, జుట్టు సర్దుకున్నట్టు చేసిండు. నేను ఇంకా గట్టిగ వాయించిన. ఆ రోజు నా వేళ్ళు ఎంతో బాగ నడిచినయి. అదే అన్నిటికంటె బాధ.

సోమవారం తమ్ముడు దుకాణానికి ఫోన్ చేసి గోదాముకు రమ్మన్నడు. పొయ్యేసరికి డ్రమ్స్ స్టూలు మీద కూసొని ఉన్నడు, చేతులల్ల కర్రలు లేవు.

"అన్నా, ఒక మాట చెప్త. కోపం చెయ్యద్దు."

"చెప్పు."

"చెవులు చూపిచ్చుకో అన్నా."

నేను నవ్విన. వాడు నేల దిక్కు చూస్తూనే ఉన్నడు.

"రెండేండ్ల సంది నీ ట్రెబుల్ మొత్తం మిక్సర్ల గుంజేసి వాయిస్తానం. నువ్వు పెట్టుకునేది నువ్వు పెట్టుకుంటవు, నేను ఇవతల కోసేస్త. గోడకు తిప్పమన్నది కూడ అందుకే. మొన్న హైదరాబాదుల చెప్పాలనుకున్న. నోరు రాలే."

"చెల్లెకు తెలుసా?"

"తెలుసు."

"హోటలాయనకు?"

వాడు తల ఊపిండు.

నాకు మొదలు వచ్చింది భయం కాదు, సిగ్గు. రెండేండ్లు, ఆదివారం ఆదివారం, పాట అయినంక చప్పట్లు కొడుతుంటే నేను తల వంచి దండం పెట్టేటోణ్ణి. నా గిటార్‌కే కొడుతున్నరనుకున్న. వాళ్ళు విన్నది వేరే. నేను వాయించింది నేనొక్కణ్ణే విన్న.

"ముందే చెప్పొద్దా తమ్మీ?"

"చెప్తే నువ్వు మానేస్తవని చెప్పలే అన్నా" అన్నడు. వాని కండ్లల్ల నీళ్ళున్నయి. వాణ్ణి ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది. మెట్లు దిగి వచ్చేసిన.

చెవుల డాక్టర్ దగ్గర ఒక అద్దాల గది ఉంటది. లోపల కూసోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తరు. సప్పుడు వినవడంగనే నొక్కాలె. మొదలు బాగనే వచ్చినయి, లావు సప్పుళ్ళు, ఒకటెనుక ఒకటి నొక్కిన. తర్వాత ఆగిపోయినయి. పరీక్ష అయిపోయిందనుకొని అద్దంల నుంచి చూస్తే, అవతల పరీక్ష చేసే ఆమె ఇంకా మీటలు నొక్కుతనే ఉన్నది. నన్ను చూస్తున్నది, మళ్ళ నొక్కుతున్నది. నాకు ఏం వస్తలేదు. నా లోపలి ఈల ఒక్కటే వినవడ్తాంది. హైదరాబాద్ దుకాణంల ఆన్ చెయ్యని ఆంప్‌ల విన్నది అదేనని అప్పుడు తెలిసింది. ఆమె మొఖం చూసి అందాజుగ రెండుసార్లు బటన్ నొక్కిన, పరీక్షల కాపీ కొట్టినట్టు.

డాక్టర్ కాగితం మీద గీత చూపిచ్చింది. సగం దాక చదునుగ పోయి, అక్కడికెల్లి బావిల పడ్డట్టు కిందికి దిగింది. కుడి చెవిది ఇంకా లోతుకు.

"సన్న సప్పుళ్ళు పోయినయి సర్. చాలా ఏండ్ల నుంచి మెల్లమెల్లగ పోయి ఉంటయి. స, శ, త అనే అక్షరాలు గూడ మీకు సరిగ తెలియకపోవచ్చు."

పోయిన నెల ఒక గిరాకి సట్టి అడిగితే తట్ట తీసిచ్చిన. మా అన్న అందరి ముందు కసిరిండు. పరధ్యానం అనుకున్నడు వాడు. నేను కూడ అట్లనే అనుకున్న.

"మందులేమన్న?"

"పోయింది తిరిగి రాదు సర్. ఉన్నది కాపాడుకోవాలె."

"గిటార్?"

ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. "తక్కువ సప్పుడుల, తక్కువ సేపు" అన్నది.

తక్కువ సప్పుడు కోసమే కద రెండు నెలలు వెతికిందని చెప్పబోయి, కాగితం జేబుల పెట్టుకొని లేచిన.

ఇంటికి పోయి కాగితం నా భార్య చేతిల పెట్టిన. ల్యాబుల పని కాబట్టి చదవగలుగుతది. ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. ఆమెది మొదటిసంది మెత్తటి గొంతు.

"నేను పిలిస్తే పలకరు మీరు" అన్నది. "వంటింట్ల నుంచి ఏమన్న అడిగితే జవాబు రాదు. నా మీద మనసు పోయిందనుకున్న. ఏడాది సంది అట్లనే అనుకుంటున్న. అందుకే అడుగుడే తగ్గించిన."

ఆమె నా ముందు కూసొని, మొఖం నా దిక్కు పెట్టి, పెదవులు తెలిసేటట్టు ఈ మాటలు చెప్పింది. ఏడాది. ఆ ఏడాదిల ఆమె ఏమేం అడిగిందో, ఏమేం చెప్పి ఊరుకున్నదో నాకు తెల్వది. "ఏం చెప్పినవ్?" అని అడిగితే, "ఇప్పుడెందుకు తియ్యున్రి" అన్నది. అంతకంటె ఎక్కువ ఆమె ఎప్పుడూ చెప్పలే.

తమ్ముడు మాత్రం వదలలే. ఇంటికి వచ్చి, కొత్త ఆంప్ నాబ్‌ల మీద తెల్ల టేపు ముక్కలు అతికిచ్చి, తన చెవికి బాగున్న కాడ పెన్నుతోని గీతలు గీసిండు. "ఈ గీతల మీద పెట్టుకొని వాయించు అన్నా. నీకెట్లన్న వినవడని. బయటికి మంచిగొస్తది" అన్నడు. చెల్లె కూడ ఫోన్ చేసి ఏడ్చింది, రమ్మన్నది. ఒప్పుకున్న.

ఆ ఆదివారం గీతల మీద పెట్టి వాయించిన. ఎవ్వరు లేవలే. రిటైర్డు సారు కండ్లు మూసుకున్నడు. చెల్లె నా దిక్కు తిరిగి తల ఊపింది. నాకు మాత్రం గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టున్నది. తీగె మీద వేలు పడుతాంది, వేలికి నొప్పి తెలుస్తాంది, సప్పుడు తెలుస్తలేదు. ఒక కాడ తప్పు వాయించిన్నా, సరిగ్గనే వాయించిన్నా అర్థంగాలే. వాళ్ళ మొఖాలు చూసుకుంట వాయించిన. అద్దాల గదిల బటన్ నొక్కినట్టే. చప్పట్లు కొట్టిన్రు. నేను దండం పెట్టలేకపోయిన. ఆంప్ ఆపి, వైరు చుట్టి, లేచిన.

చెవి మిషన్లు పెట్టిచ్చుకున్న. మాటలకు పనికొస్తయి. దుకాణంల ఇప్పుడు సట్టికి సట్టే ఇస్తున్న. గని ఇన్నేండ్లు వినవడని గిన్నెల సప్పుడు ఒక్కసారి మీద పడేసరికి, మొదటి వారం బాత్రూంల కూసొని ఏడ్చిన. మిషన్లతోని గిటార్ వాయిస్తే రేకు డబ్బ మీద మొలతోని గీకినట్టు వస్తది. తీసేసి వాయిస్తే దుప్పటి. రెండిట్ల ఏది నా గిటారో నాకు తెల్వది. ఇగ బ్యాండుకు పోలే. తమ్ముడు రెండు నెలలు ఫోన్లు చేసిండు, తర్వాత వారానికొకసారి, ఇప్పుడు పండుగలకు చేస్తడు. తప్పు వానిది కాదు. ఎత్తితే ఏం మాట్లాడాలెనో నాకే తెలుస్తలేదు.

వాళ్ళకు వేరే గిటార్ ఆయన దొరికిండు, పోస్టాఫీసుల పని చేస్తడు, నా ఈడువాడే. నా ఆంప్ తీసుకుంటనని కబురు పెట్టిండు. పోయిన శనివారం ఇంటికి వచ్చిండు. మర్యాదగల మనిషి. పెట్టి చూసుకుంటనంటే సరే అన్న. నాబ్‌ల మీది టేపు ముక్కలు గోరుతోని గీరి తీసేసి, తన చెవికి తగ్గట్టు తిప్పుకొని, కిటికీ పక్కన కూసొని వాయించిండు. నా భార్య వంటింటి తలుపు కాడికి వచ్చి నిలబడి విన్నది. ఆమె మొఖం మెత్తవడ్డది. ఆ మొఖం నేను నా వాయింపుకు ఎప్పుడన్న చూసిన్నా అని గుర్తు చేసుకోవాలని చూసిన.

"చాలా బాగున్నది సార్ ఇది. మంచి చెవి మీది, మంచిదాన్నే ఏరిన్రు" అన్నడాయన.

ఒక్క చేత్తోని దాన్ని లేపుకొని మెట్లు దిగి పోయిండు. తలుపేసి వచ్చి చెవి మిషన్లు తీసి అరల పెట్టిన. నా భార్య ఏదో అన్నది. పెదవులు కదిలినయి. నేను తల ఊపిన.